కొండగుర్తు

మా వైపు వాళ్ళకి కొండ అంటే ద్వారకాతిరుమల. అది కూడా మెట్లెక్కి, స్వామి దర్శనం చేసుకుని, పులిహోర ప్రసాదం తిని, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చేంత కొండే. అది తీసేస్తే ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, అటు కొల్లేటి లంకల దాకా, నేలంతా కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంటుంది. మాకు గట్టంటే కాలవగట్టు. ఎత్తంటే కొబ్బరిచెట్టు.

అలాంటి పల్లపు ఊళ్ళనుంచి రైలెక్కి విశాఖపట్నం వెళ్ళొచ్చినవాళ్ళు ముందుగా చెప్పేది సముద్రం కబుర్లు కాదు. సముద్రం మాకు పేరుపాలెంలోనూ ఉంది, కార్తీకమాసం వస్తే వెళ్ళి మునిగొస్తూనే ఉంటాం. వాళ్ళు చెప్పేది సముద్రంలోకి మెడ చాచుకుని నిలబడ్డ ఆ కొండ గురించి. అదేనండీ, డాల్ఫిన్ నోస్.

చూసినవాళ్ళు చూసే ఉంటారు. చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. బీచిలో నీళ్ళకేసి తిరిగి నిలబడి, కుడిచేతి వైపుకి చూపు తిప్పండి. తూర్పుకనుమల్లోంచి ఒక కొండ విడివడి వచ్చి, తిన్నగా సముద్రంలోకి ముక్కు దూర్చినట్టుంటుంది. కొండ మొత్తం ఎత్తు 350 మీటర్లకి పైమాటే కాని, నీళ్ళలోకి దిగిన ముక్కు దగ్గర అంతుండదు. ఆ ముక్కు కింద అలలు కొట్టీ కొట్టీ రాయిని నిలువునా చెక్కేశాయి. పైన 1957లో కట్టిన లైట్‌హౌసు ఉంది. చీకటి పడ్డాక అది వెలిగి ఆరి, వెలిగి ఆరి, అచ్చం ముక్కుపుడకే! ముక్కని పేరు పెట్టిన ఇంగ్లీషువాళ్ళకి ముక్కుపుడక తట్టిందో లేదో కాని, ఆడవాళ్ళం చూస్తే మాత్రం మరో మాట తోచదు.

ఆ పేరు సముద్రం మీద వచ్చేవాడు పెట్టిన పేరు. ఓడలోంచి చూస్తేనే కదా డాల్ఫినూ, దాని ముక్కూ కనిపించేది! కొండ వెనకాల కాపురం ఉంటున్నవాళ్ళకి దాని ముక్కుతో పనిలేదు. వాళ్ళది యారాడ అనే పల్లె, అందుకని అది యారాడ కొండ. ఒకటే కొండని వచ్చేవాడు ఒక పేరుతోనూ, ఉన్నవాడు ఒక పేరుతోనూ పిలవడం మన దేశంలో కొత్తేమీ కాదు.

ఆ రాయికి కూడా ఒక కథ ఉంది. తూర్పుకనుమల్లో విరివిగా దొరికే ఈ రాతికి 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఖోండలైట్ అని పేరు పెట్టాడు, ఒరిస్సా కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద. దాని నిండా గార్నెట్ గింజలుంటాయి. మనం జాతకాలు చూపించుకుని ఉంగరాల్లో పొదిగించుకునే గోమేధికం ఉందే, అది ఆ గార్నెట్ జాతిదే. ఇంకో తమాషా ఏమిటంటే, కోట్ల ఏళ్ళ కిందట మన తూర్పుకనుమలూ, ఇప్పుడు దక్షిణధ్రువం దగ్గర మంచుకింద పడి ఉన్న అంటార్కిటికా తూర్పు భాగమూ అతుక్కుని ఒకే నేలగా ఉండేవట. రెండుచోట్ల రాళ్ళూ పోల్చి చూసి శాస్త్రజ్ఞులు చెప్పిన మాట అది. ఆ పుట్టింటివాళ్ళు ఎక్కడో మంచులో ఉండిపోయారు. ఈ ముక్కు మాత్రం అలా సముద్రం కేసి చూస్తూ ఇక్కడ మిగిలింది.

అయితే ఈ కొండ విలువ దాని పక్కన నిలబడి చూస్తే తెలిసేది కాదు. కొండ లేని తీరం ఏమైపోయిందో చూస్తే తెలుస్తుంది. మా గోదావరీ, పక్కన కృష్ణా ఒండ్రు తెచ్చి పోసి చేసిన మెత్తటి నేల కదా మాది! వరి పండుతుంది, రేవు నిలవదు. కాకినాడ దగ్గర కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన దాన్ని ఊడ్చిపెట్టేసింది. డచ్చివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ పోటీలు పడి వ్యాపారం చేసిన బందరుని 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ముంచేస్తే సుమారు 30,000 మంది పోయారు. ఉప్పెనలు రాని ఏళ్ళల్లో ఇసుక వస్తుంది. నైరుతి గాలులకి అలలు ఏటవాలుగా వచ్చి తీరాన్ని తోస్తాయి. ఆ తోపుడుకి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ఒడ్డు వెంబడే నడిచిపోతూ ఉంటుంది. దారిలో ఏ ఏటి మొగ తగిలినా పూడ్చేస్తుంది.

విశాఖపట్నంలోనూ కొండ పక్కన ఒక ఉప్పుటేరూ, దాని వెనక పెద్ద చిత్తడి నేలా ఉండేవి. ఉప్పుటేరన్న మాట మా కొల్లేటివాళ్ళకి వేరే చెప్పాలా? కొల్లేటి నీళ్ళు సముద్రానికి చేరే దారి పేరూ అదే. మా ఉప్పుటేటి మొగలో ఒక రేవు కట్టాలని ఎవరూ అనుకోలేదు. అక్కడ అనుకున్నారంటే, ఏటికి దక్షిణంగా ఈ కొండ అడ్డంగా ఉండబట్టి. ఆ అడ్డే అండ అయింది. కొండ ఉందిగదా అని తుఫాను జడుస్తుందా అంటే అదేం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తిన్నగా విశాఖపట్నం మీదే తీరం దాటి, ఊళ్ళో చెట్టన్నది లేకుండా చేసింది. అయినా లోపలి రేవుకి చుట్టూ కొండలు కాపలా ఉన్నంతగా ఈ తీరంలో మరోచోట లేవు.

రేవు కట్టించింది బెంగాల్ నాగపూర్ రైల్వేవాళ్ళు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజం ఓడెక్కడానికి దగ్గర దారి కావలసివచ్చి 1931 నాటికి రాయపూరు నుంచి విజయనగరానికి రైలుదారి పూర్తిచేశారు. ఇటు చిత్తడి నేల తవ్వి ఓడలకి లోతు చేశారు. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ వాళ్ళ జలదుర్గ అనే ఓడ మొదటగా లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్‌డన్ వచ్చి పెద్ద ఎత్తున ప్రారంభోత్సవం చేశాడు.

ఇందులో నాకు నచ్చిన ముచ్చట వైస్రాయిది కాదు. కొండ ఎంత అడ్డమున్నా కొంత ఇసుక ముక్కు చుట్టూ తిరిగి రానే వస్తుంది. దాన్ని ఆపడానికి ఏం చేశారనుకున్నారు? జానస్, వెల్లెస్డన్ అని రెండు పాత ఓడలు తెచ్చి, వాటి కడుపు నిండా రాళ్ళు పోసి, కొండ ముందర ముంచేశారు. అవే గోడ అయి కూర్చున్నాయి. ఆ చాటున పోగైన ఇసుకని యంత్రంతో తోడి అవతల, అంటే ఊరి బీచి వైపు పోస్తారు. చిరిగిన చీరల్ని పారెయ్యకుండా మడతపెట్టి బొంత కుట్టే బుద్ధి ఇంజనీర్లకి కూడా ఉంటుందని అప్పుడు తెలిసింది నాకు! 1976లో బయటి రేవు కూడా వచ్చాక ఆ పరిసరాలన్నీ మారిపోయాయి.

చరిత్ర పుస్తకాలు ఈ కొండ దగ్గర ఆగేది యుద్ధాల కోసం. ఆ రెండూ త్వరగా చెప్పేస్తాను. 1804 సెప్టెంబరు 15 పొద్దున సెంచూరియన్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకా, దాని కాపలాలో రెండు వర్తకపు ఓడలూ విశాఖపట్నం ముందు లంగరేసి ఉన్నాయి. సెంచూరియన్ కెప్టెనేమో ఊళ్ళో ఉన్నాడు. అంతలో తీరం వెంబడి మూడు ఓడలు వచ్చాయి. చూస్తే తమవాళ్ళవే అన్నట్టున్నాయి. దగ్గరికొచ్చాక తెలిసింది, అవి ఫ్రెంచి సేనాని లినోయ్ ఓడలని! ఫిరంగులు మోగాయి. వర్తకపు ఓడల్లో ఒకటి కొట్టుకుపోయి ఒడ్డునపడి పగిలింది, ఇంకొకటి లొంగిపోయింది. కెప్టెన్ లైఫుబోటులాంటి చిన్న పడవ మీద పడుతూ లేస్తూ తన ఓడ చేరుకున్నాడు. సెంచూరియన్ దెబ్బలు తిని కూడా ఒడ్డుకి చేరువగా లోతులేని నీళ్ళల్లో మొండికేసి నిలబడితే, మూడు ఓడలున్న లినోయ్ ఒక వర్తకపు ఓడ చాలనుకుని వెళ్ళిపోయాడు. అతని పిరికితనం మీద నెపోలియన్ తరవాత మండిపడ్డాడు.

రెండోది మన పెద్దవాళ్ళకి గుర్తున్నదే. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ రేవు బయట మునిగిపోయింది. మన రాజ్‌పుత్ నౌక వేసిన మందుగుండు వల్లనని మనవాళ్ళూ, లోపల ఏదో పేలి ఉంటుందని వాళ్ళూ అంటారు. అందులో ఉన్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కడూ బయటపడలేదు. ఆ రాత్రి కిటికీలు గడగడలాడాయని విశాఖపట్నంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇనుపపెట్టె అలాగే అడుగున ఉంది. ఎక్కడో కరాచీలో 90 ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎన్నాళ్ళు తలుపు చప్పుడుకి ఉలిక్కిపడ్డారో అని విజయోత్సవాల మధ్య ఒకసారైనా అనిపిస్తుంది.

ఎందుకంటే ఈ కొండ అసలు చరిత్ర నా దృష్టిలో అదే, తలుపు చప్పుడుది.

రేవు కట్టకముందు విశాఖపట్నంలో ఓడలు ఒడ్డుకి రాలేకపోయేవి. దూరంగా లంగరేసేవి. మనుషుల్నీ, సరుకుల్నీ మసూలా పడవల మీద అలలు దాటించి తీసుకెళ్ళేవారు. ఆ పడవకి మేకన్నది ఉండదు. పలకలకి చిల్లులు పొడిచి కొబ్బరిపీచు తాడుతో కుట్టేస్తారు. అల విసిరినప్పుడు మేకు కొట్టిన పడవ విరుగుతుంది, కుట్టిన పడవ వంగి సర్దుకుంటుంది. ఆ పడవలెక్కి, స్టీమరు మీదికి ఎగబాకి, మన తెలుగువాళ్ళు వేలకి వేలుగా వెళ్ళింది రంగానికి. రంగమంటే రంగూన్. 1852లో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాక అక్కడ వరి మళ్ళూ, బియ్యపు మిల్లులూ, రేవు పనులూ పెరిగాయి. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో కరువొచ్చినా, అప్పొచ్చినా, అన్నదమ్ములకి గొడవొచ్చినా అందరికీ ఒకటే మాట: “రంగం పోతాను.” అక్కడ మనవాళ్ళని కొరంగీలనేవారు. ఉప్పెనలో పోయిన కోరంగి రేవు పేరు అలా పరాయిదేశంలో తిట్టుగా మిగిలింది.

వెళ్ళింది దాదాపు అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళు ఒడ్డున ఉండేవాళ్ళు.

కాకినాడలో ఎక్కినవాళ్ళ స్టీమర్లు కొన్ని విశాఖపట్నం, భీమిలి రేవుల్లో ఆగుతూ వెళ్ళేవి. కాబట్టి మా గోదావరివాళ్ళు కూడా సొంతదేశంలో చివరగా చూసిన పెద్ద గుర్తుల్లో ఈ కొండ ఒకటి. చేపలవేటకి వెళ్ళే జాలర్లకి సముద్రం మీద దారి తెలియడమంటే ఒడ్డున ఉన్న కొండనీ, చెట్టునీ, గుడినీ ఒకదానికొకటి సరిపెట్టి చూసుకోవడమే. కొండగుర్తు అన్న మాట మనం పరీక్షలకి పద్యం కట్టి పేర్లు బట్టీపట్టడానికి వాడుకుంటున్నాం కాని, సముద్రం మీదివాడికి అది నిజంగానే ప్రాణం నిలబెట్టే గుర్తు.

రేవు మొగకి అటుపక్క, కొండకి ఎదురుగా, మూడు చిన్న గుట్టలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద మేరీమాత, ఒకదాని మీద ఇషాక్ మదీనా వారి దర్గా. బంగాళాఖాతంలో గాలీ అలా ఆ దర్గా బాబా మాట వింటాయని నావికుల నమ్మకం. దాటి వెళ్ళే ఓడ ఏదైనా జెండాని మూడుసార్లు దించి ఎత్తి దణ్ణం పెట్టేదని, గండం గడిచి వచ్చినవాళ్ళు చిన్న వెండిపడవ చేయించి ఇచ్చేవారని పాత జిల్లా గ్రంథాల్లో రాశారు. మొక్కుకున్నవాళ్ళల్లో హిందువులెందరో, ముసల్మానులెందరో ఎవరు లెక్కపెట్టారు గనక! మొక్కింది ఓడ యజమానులే అనుకోకండి. వెండిపడవ కొనలేక కొబ్బరికాయతో సరిపెట్టిన ఆడవాళ్ళు ఏ గ్రంథానికీ ఎక్కలేదంతే.

మా అమ్మమ్మకి ఒక మేనమామ ఉండేవాడు. ఆయన భార్యని మా ఇళ్ళల్లో అందరూ ‘రంగం అత్తయ్య’ అనేవారు. ఆవిడ జన్మలో రంగం చూడలేదు, మొగుడు అక్కడున్నాడు గనక ఆ పేరు. కొల్లేరు పక్క లంకలో ఇల్లు. వరదొస్తే మంచం మీద పొయ్యి పెట్టుకునే కాపురం. మేనమామ బియ్యపు మిల్లులో పనిచేస్తూ ఏడాదికి రెండుసార్లు మనియార్డరు పంపేవాడట. వెళ్ళిన కొత్తలో రాయించిన ఉత్తరంలో, విశాఖపట్నం దాటాక ముక్కులాంటి కొండ పొద్దుగూకేదాకా వెనకే కనిపిస్తూ ఉందనీ, అది మాయమయ్యాక అన్నం సయించలేదనీ ఉందని అమ్మమ్మ చెప్పేది. కొండే ఎరగని అత్తయ్య ఆ ఒక్క కొండని మాత్రం చూసినట్టే చెప్పేదట, ముక్కు ఎటు తిరిగి ఉంటుందో చేత్తో చూపిస్తూ.

1930 మే నెలలో రంగూన్ రేవులో గొడవలు జరిగాయి. తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలవాళ్ళు బర్మావాళ్ళని పనిలోకి తెచ్చారు. సమ్మె తీరాక వాళ్ళని పొమ్మన్నారు. పొట్టలు కాలినవాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు పొడుచుకున్నారు. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. మేనమామ బతికాడు. మళ్ళీ మనియార్డర్లు వచ్చాయి.

తరవాత యుద్ధం. 1941 డిసెంబరు 23న జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. మార్చికల్లా ఊరు వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోయింది. డబ్బున్నవాళ్ళకి ఓడల్లో చోటు దొరికింది. మిగిలిన లక్షలమంది, సుమారు 5 లక్షలంటారు, అరకాను కొండల మీంచీ, మణిపూరు అడవుల్లోంచీ నడిచి వచ్చారు. కలరాకి, మలేరియాకి, ఆకలికి దారిపొడుగునా రాలిపోయారు. బతికి బట్టకట్టినవాళ్ళు కలకత్తా చేరి రైలెక్కి వాల్తేరులో దిగారు. ఏ కొండని వెనక్కి చూసుకుంటూ వెళ్ళారో ఆ కొండ వాళ్ళకి ఎదురుగా రాలేదు. వాళ్ళు దిగే సమయానికి విశాఖపట్నమే ఖాళీ అవుతోంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఆ రేవు మీదా, కాకినాడ మీదా కూడా బాంబులు వేశాయి. జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలు పట్టారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునే గుంటూరికి తరలించారు. మా తాడేపల్లిగూడెంలో విమానాలు దిగడానికి వేసిన పొడవాటి రన్‌వే కూడా ఆ యుద్ధం తెచ్చిపెట్టిందే. గూడెం పిల్లలకి అది ఆడుకునే చోటు, మా అమ్మమ్మకి మాత్రం మేనమామ రాని ఏడు.

వస్తాడని ఒకరన్నారు, దారిలో చూశామని ఒకరన్నారు. పన్నెండేళ్ళు చూసి కర్మ చేసెయ్యమని పెద్దలన్నారు. ఇక్కడే వచ్చింది చిక్కు. కర్మ చేస్తే బొట్టు తియ్యాలి. తీశాక ఆయనొస్తే? తియ్యకపోతే నలుగురూ ఏమంటారు? రంగం అత్తయ్య ఎవరితోనూ వాదించలేదట. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్ళి, బొట్టుతోటే తిరిగొచ్చి, గాదె దగ్గర కూర్చుని ధాన్యం కొలిపించడం మొదలెట్టిందట. ఆ తరవాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. పేరంటాలకి కొందరు పిలిచేవారు, కొందరు మానేశారు. పిలిచినవాళ్ళింటికి వెళ్ళేది. పిలవనివాళ్ళింటికి కూడా కొత్త బియ్యం పంపేది. 1960ల్లో ఆవిడ పోయినప్పుడు పసుపు కుంకాలతోనే సాగనంపారు.

ఆ రోజుల్లోనే ఇంకోటి జరిగింది. 1962లో బర్మాలో సైన్యం గద్దెనెక్కింది. 1964 నుంచి దుకాణాలూ, వ్యాపారాలూ ప్రభుత్వం లాగేసుకుంటే, మనవాళ్ళు కట్టుబట్టలతో వెనక్కి వచ్చారు. ఈసారి అడవిదారిని కాదు, ఓడల మీద. కొన్ని ఓడలు మద్రాసుకీ, కొన్ని విశాఖపట్నానికీ వచ్చాయి. వచ్చినవాళ్ళల్లో చాలామంది అక్కడే పుట్టినవాళ్ళు. తెలుగు మాట్లాడతారు, బర్మా లుంగీలు కడతారు, తెలుగుదేశం ఎన్నడూ చూడలేదు. ఓడ కొండ పక్కనుంచి ఆ ఇరుకు దారిలో రేవులోకి తిరిగేటప్పుడు డెక్కు మీద నిలబడ్డ ముసలివాళ్ళు ఎందరు తాతలనాటి కబుర్లు పిల్లలకి చూపించి ఉంటారో!

వాళ్ళకి కంచరపాలెం దగ్గర చోటిచ్చారు. ఆ పేట పేరు ఇప్పటికీ బర్మా క్యాంపే. ఆటో ఎక్కి ఆ పేరు చెబితే చాలు, దింపేస్తారు.